దేవుడు మాట్లాడట్లేదని రాసిన నా కూతురికి

బంగారు తల్లికి,

ప్రభువైన యేసు నామంలో నిన్ను దీవిస్తూ నాన్న రాసేది.

నీ ఉత్తరం అందింది. వెంటనే ఫోన్ చేద్దామని మీ అమ్మ అంది. నేనే ఆగమన్నాను. నువ్వు అడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. "రోజూ మోకరిస్తున్నాను నాన్నా, గోడకి చెప్పుకున్నట్టు ఉంది. ఆ ఉద్యోగం విషయంలో దేవుని చిత్తం చెప్పమని ఎంత అడిగినా జవాబు లేదు. నా విశ్వాసంలోనే ఏదో తేడా ఉందేమో" అని రాశావు. ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ముందు దాని సంగతి చెప్తాను. 'ఇంకా ఎన్నాళ్ళు?' అని అడిగే మనిషి విశ్వాసం లేని మనిషి కాదమ్మా. ఎవరూ లేరనుకుంటే ఎవర్ని అడుగుతాం? 13వ కీర్తన తీసి చూడు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని మొదలుపెట్టి, చిన్న కీర్తనే అయినా మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఆ ప్రశ్న వేస్తాడు దావీదు. 88వ కీర్తన ఇంకా కష్టం. చాలా విలాప కీర్తనలు చివరికి వచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి, అది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతోనే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనని దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదు, మనం చదువుకోవడానికి ఉంచాడు. కాబట్టి నీకు ఎలా ఉందో అలాగే ఆయన దగ్గర చెప్పు. మంచి మాటలు వెతుక్కోకు. సంఘంలో అందరూ సాక్ష్యం చెప్తుంటే నీకు చెప్పడానికేమీ లేదని కుంగిపోకు. సాక్ష్యాలు జవాబు వచ్చాక చెప్పేవి. ఆ జవాబు రాకముందు వాళ్ళు గడిపిన నెలలు, సంవత్సరాలు రెండు వాక్యాల్లో దాటిపోతాయి. ఇప్పుడు నువ్వున్నది ఆ దాటిపోయే భాగంలో.

ఈ మౌనం గురించి ఆలోచిస్తుంటే నాకు నిర్గమకాండం గుర్తొచ్చింది. 24వ అధ్యాయంలో, కొండ ఎక్కి నా దగ్గరికి రా అని దేవుడే మోషేని పిలుస్తాడు. పిలిచాడు కదా, వెళ్ళగానే మాట్లాడతాడనుకుంటాం. ఆరు రోజులు మేఘం కొండని కమ్ముకుని ఉంది, మాట మాత్రం లేదు. ఏడో రోజున మేఘంలోంచి మళ్ళీ పిలిచాడు. ఆ ఆరు రోజులు మోషే ఏం చేశాడో బైబిల్ రాయలేదు. బహుశా రాయడానికి ఏమీ లేదు. ఉన్నాడు, అంతే. పిలిచినవాడి మీద నమ్మకంతో, పిలిచిన చోటే ఉన్నాడు.

ఆ తర్వాత నలభై రోజులు. కొండ కింద జనానికి అది భరించలేని ఆలస్యం అయింది. "ఆ మోషే ఏమయ్యాడో తెలియదు, మాకో దేవతని చేసిపెట్టు" అని మోషే అన్న అహరోను మీద పడ్డారు. చెవుల పోగులు తీసి ఇచ్చారు, దూడ తయారైంది. వాళ్ళు దేవుణ్ణి పూర్తిగా వద్దనుకున్నారని మనం అనుకుంటాం. కానీ ఆ దూడ ముందు బలిపీఠం కట్టి అహరోను వేసిన చాటింపు చూడు: "రేపు యెహోవాకు పండుగ జరుగును." పేరు యెహోవాదే! కళ్ళకి కనిపించే, చేతికి అందే, ఇప్పుడే ఇక్కడే ఉండే దేవుడు కావాలని తొందరపడ్డారు.

సరిగ్గా అదే సమయానికి కొండ మీద ఏం జరుగుతోంది? 25 నుంచి 31 దాకా ఆ అధ్యాయాలు చదవడానికి నీకు విసుగనిపించి ఉంటుంది. మందసం కొలతలు, దీపస్తంభానికి బాదం పువ్వుల ఆకారం, తెరల రంగులు. కానీ అదంతా ఎందుకు? "నేను వారిలో నివసించునట్లు" అంటాడు దేవుడు. దేవుడు మా మధ్య ఉండాలి అన్నదే కదా కింద వాళ్ళ ఆరాటం. అది తీర్చే ఏర్పాటే పైన జరుగుతోంది, వాళ్ళు కోరినదానికంటే ఎంతో శ్రద్ధగా. తాను నివసించే గుడారానికి బంగారం అర్పించమని దేవుడు పైన చెప్తున్నాడు, కింద ఆ బంగారమే కరిగిపోతోంది. అహరోనుకి యాజక వస్త్రాలు ఎలా కుట్టించాలో పైన వివరిస్తున్నాడు, ఆ అహరోనే కింద దూడని పోతపోస్తున్నాడు. నేను ఇది చదివిన ప్రతిసారీ గుండె పట్టేసినట్టు అవుతుంది. ఆ మౌనంలో ఆయన వాళ్ళని మర్చిపోలేదు. వాళ్ళ గురించే మాట్లాడుతున్నాడు.

నీ విషయంలో ఇప్పుడు పైన ఏం జరుగుతోందో నాకు తెలియదు తల్లీ. తెలుసని చెప్తే అబద్ధమవుతుంది. కానీ ఆయన ఎలాంటివాడో తెలుసు.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కథ నీకు తెలిసిందే, రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. గిల్గాలులో ఏడు రోజులు ఆగాడు. సైన్యం చెదిరిపోతోంది, వచ్చి బలి అర్పిస్తానన్న సమూయేలు ప్రవక్త రాలేదు. ఇక లాభం లేదని దహనబలి తానే అర్పించేశాడు. అర్పించడం అయిందో లేదో సమూయేలు వచ్చేశాడు. ఏడు రోజులు ఓర్చినవాడు ఆఖరి గడియ ఓర్చలేకపోయాడు.

ఓర్పు అంటే పళ్ళు బిగబట్టి కూర్చోవడమనే చాలామంది అనుకుంటారు. నాకు అది సగమే అనిపిస్తుంది. యిర్మీయా గ్రంథం 42వ అధ్యాయం చదువు. బబులోనువాళ్ళు యెరూషలేముని నాశనం చేశాక మిగిలిన కొద్దిమంది యిర్మీయా దగ్గరికి వస్తారు. మేము ఎటు వెళ్ళాలో, ఏం చేయాలో దేవుణ్ణి అడిగి చెప్పు, మంచిదైనా చెడ్డదైనా ఆయన మాట వింటాం అని ఒట్టు వేస్తారు. యిర్మీయా అంతటి ప్రవక్తకే జవాబు వెంటనే రాలేదు, పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ వాళ్ళు ఆగారు కూడా. అయితే దానికి ముందు అధ్యాయంలోనే ఉంది, వాళ్ళు అప్పటికే ఐగుప్తు (ఈజిప్టు) దారిలో బేత్లెహేము దగ్గర మకాం వేసి ఉన్నారు. మూటలు కట్టేసుకుని దారి అడిగారన్నమాట. ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకి వెళ్ళొద్దని జవాబు వస్తే, "నువ్వు అబద్ధమాడుతున్నావు" అనేశారు.

ఆగడం వేరు, ఆలకించడం వేరు. వాళ్ళు ఆగారు, ఆలకించలేదు. నిన్ను నొప్పించాలని కాదు, నాన్నని కాబట్టి అడుగుతున్నాను: ఆ ఉద్యోగం విషయంలో నీ మూట ఇప్పటికే కట్టి ఉందా? ఉంటే అది పాపమేమీ కాదు. కోరిక ఉండటం తప్పు కాదు. కానీ ఆ సంగతి ప్రార్థనలో ఆయనకి చెప్పావా? "ప్రభువా, నాకు వెళ్ళాలని ఉంది, నువ్వు వద్దంటావేమోనని భయంగా ఉంది" అని చెప్పగలిగితే, నువ్వు ఇన్నాళ్ళూ చేసిన ప్రార్థనకంటే అది నిజమైన ప్రార్థన అవుతుంది. లోపల ఒకటి గట్టిగా పట్టుకుని పైకి "నీ చిత్తమే" అంటున్నప్పుడు మన చెవి సగం మూసుకునే ఉంటుంది.

చెవి అన్నాను కాబట్టి ఆ సమూయేలు చిన్నప్పటి సంగతికి వస్తాను. ఆ రోజుల్లో దేవుని వాక్కు రావడం అరుదు అని రాసి ఉంది. ముసలి యాజకుడు ఏలీ కళ్ళు మసకబారాయి, దీపం ఇంకా ఆరిపోలేదు, పిల్లవాడు మందిరంలో పడుకున్నాడు. పిలుపు వచ్చింది. లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. మూడుసార్లు అంతే. దేవుడు పిలిస్తే ఉరుములా ఉంటుందని మనం అనుకుంటాం, ఆ పిల్లవాడికి మాత్రం రోజూ వినే ముసలాయన గొంతులా వినిపించింది. అందుకే పోల్చుకోలేదు. మూడుసార్లు పోల్చుకోలేకపోయినా దేవుడు విసుక్కోలేదు, నాలుగోసారి వచ్చి నిలబడి పిలిచాడు. ఓర్పు మన వైపునుంచి మాత్రమే అనుకుంటాం కానీ ఆ రాత్రి ఎక్కువ ఓర్చుకున్నది ఎవరు?

నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు మీ అమ్మ నిద్ర నేను చూశాను. బయట ఎంత రొద ఉన్నా ఒళ్ళు తెలియకుండా పడుకునేది. నువ్వు కాస్త మూలిగితే చాలు, లేచి కూర్చునేది. ఆ ఒక్క గొంతు కోసం ఆమె లోపల ఏదో ఎప్పుడూ మేలుకునే ఉండేది. దేవుని విషయంలో మెలకువ అంటే నాకు అలాంటిదే అనిపిస్తుంది. రోజంతా మోకాళ్ళ మీద ఉండనక్కర్లేదు. నీ పని నువ్వు చేసుకుంటూనే ఆ గొంతు కోసం లోపల ఒక చెవి తెరిచి ఉంచడం.

ఆ రాత్రి అంత గొప్ప ప్రత్యక్షత పొందాక సమూయేలు ఏం చేశాడో చూశావా? తెల్లారేదాకా పడుకుని, లేచి మందిరపు తలుపులు తీశాడు. రోజూ చేసే పనే. నాకు ఆ వచనం చాలా ఇష్టం.

మోషే పొద దగ్గర కూడా ఇంతే. మామ మందని మేపుకుంటున్నాడు. పొద మండుతోంది, కాలిపోవడం లేదు. అది కాలిపోవడం లేదని తెలియాలంటే ఎవరైనా కాసేపు నిలబడి చూడాలి కదా. "నేను ఆ తట్టు వెళ్లి ఈ గొప్పవింత చూచెదను" అనుకున్నాడు. ఆ తర్వాతి మాట: "దానిని చూచుటకు అతడు ఆ తట్టు వచ్చుట యెహోవా చూచెను." అప్పుడు పిలిచాడు. ఎనభై ఏళ్ళ మనిషి దారి వదిలి పక్కకి తిరిగేదాకా దేవుడు పేరు పెట్టి పిలవలేదు.

ఇక నీ రోజులోకి వస్తాను. ఉదయం పది అధ్యాయాలు చదవాలని నియమం పెట్టుకున్నానని రాశావు. కొన్నాళ్ళు దాన్ని పక్కన పెట్టు. పది వచనాలు చాలు, ఒక్క వచనమైనా చాలు. మెల్లగా, పెదవులు కదిలేలా చదువు. ఏ మాట దగ్గర మనసు తట్టుకుంటే అక్కడ ఆగు. 12వ శతాబ్దంలో రెండో గ్విగో అనే సన్యాసి ఈ పద్ధతినే నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, చివరికి ఊరికే దేవుని ఎదుట ఉండిపోవడం. మనం చాలావరకు మొదటి మెట్టు మీద పరుగెత్తి, మూడో మెట్టు మీదికి దూకి, నాలుగోది ఉందనే సంగతే మర్చిపోతాం. ఫోన్ ఆ గదిలోనే వద్దు. బోర్లా పెట్టినా అది అక్కడ ఉందని మనసుకి తెలుస్తూనే ఉంటుంది.

మనసు ఎటో పోతుంది, ఖాయంగా పోతుంది. దానికి బాధపడకు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. మునుపు సైనికుడు. మఠంలో వంటగదిలో పని. గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని తలుచుకుంటూ ఉండటం నేర్చుకున్నాడు. మనసు తప్పిపోయినప్పుడు తనని తాను తిట్టుకోకుండా, మెల్లగా మళ్ళీ దేవుని వైపు తిప్పుకునేవాడు. 1691లో చనిపోయాడు. ఆయన శాంతి గురించే అందరూ చెప్తారు కానీ, తొలి పదేళ్ళు చాలా వేదనపడ్డానని ఆయనే రాసుకున్నాడు. పదేళ్ళు! నీ ఈ కొద్ది నెలల్ని చిన్నవి చేయడానికి చెప్పడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్ళు నీలాంటివాళ్ళేనని చెప్తున్నాను.

ఇంకో రెండు మాటలు. బైబిల్ కళ్ళు మూసుకుని తెరిచి, వేలు పడ్డ వచనమే జవాబు అనుకునే పద్ధతి వద్దమ్మా. అది ఓర్పు లేకపోవడమే, భక్తిలా కనిపిస్తుంది అంతే. మనసులో మెదిలిన ప్రతి ఆలోచనా దేవుని స్వరం కాదు. దాన్ని వాక్యంతో పోల్చి చూడు, నిన్ను ప్రేమించి నీకు నిజం చెప్పే పెద్దవాళ్ళతో చెప్పి చూడు. సమూయేలుకి కూడా పిలిచింది ఎవరో ఏలీయే చెప్పాల్సి వచ్చింది.

రెండోది, నిద్రపో. రాత్రి రెండింటిదాకా మేలుకుని ఏడుస్తూ ప్రార్థిస్తున్నానని రాశావు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చచ్చిపోతానని పడుకున్నప్పుడు దేవుడు ముందు ఉపదేశం చేయలేదు. దూతని పంపి, నిద్ర లేపి, రొట్టె పెట్టి, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ మీద మిక్కిలి నిమ్మళమైన ఆ స్వరం వినిపించింది ఆ తర్వాతే. అలిసిపోయిన ఒంటితో నిమ్మళమైన స్వరం వినడం కష్టం.

ఇప్పుడు ఒక తల్లి సంగతి చెప్పాలి. మోనికా. తర్వాత సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీనుకి తల్లి. కొడుకు దారితప్పి తిరుగుతుంటే ఏళ్ళ తరబడి ఏడ్చింది. 383లో అతను కార్తేజి నుంచి ఓడెక్కి రోముకి పోతానన్నాడు. అక్కడికి వెళ్తే పూర్తిగా పాడైపోతాడని ఆమె భయం. రేవుదాకా వెంబడించి పట్టుకుంది. స్నేహితుణ్ణి సాగనంపాలని అబద్ధం చెప్పి ఆమెని దగ్గర్లో ఉన్న చిన్న ప్రార్థనాలయంలో ఆ రాత్రికి ఉండమన్నాడు. ఆమె రాత్రంతా ఒకే ప్రార్థన చేసింది, వాణ్ణి వెళ్ళనివ్వకు ప్రభువా అని. తెల్లారేసరికి ఓడ వెళ్ళిపోయింది.

ఆ ఉదయం ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. దేవుడు వినలేదనే కదా. కానీ ఆ ఓడే అగస్టీనుని ఇటలీకి చేర్చింది. అక్కడినుంచి మిలానుకి వెళ్ళాడు, ఆంబ్రోసు అనే బిషప్ ప్రసంగాలు విన్నాడు. 386లో మారుమనస్సు పొందాడు. 387 ఈస్టరుకి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంవత్సరమే మోనికా తన 56వ ఏట కన్నుమూసింది, చూసి మరీ వెళ్ళింది. ఆ రాత్రి ఆమె అడిగిన మాటని దేవుడు కాదన్నాడు, ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న మాటని ఇవ్వడం కోసం. తర్వాత అగస్టీనే అలా గుర్తించాడు. ఆమె మాత్రం ఆ ఉదయం అది తెలియకుండానే లేచి మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టింది. నేను ఆమెని ఎక్కువగా గౌరవించేది అక్కడే.

నాకూ జవాబు రాని ప్రార్థన ఒకటుంది. మా అన్నయ్య, మీ పెదనాన్న కోసం. నీకు తెలుసు. నువ్వు పుట్టకముందు నుంచి అడుగుతున్నాను, ఇంకా అడుగుతున్నాను. ఏదో ఒకరోజు జవాబు వస్తుందని నీకు హామీ ఇవ్వలేను, నాకే లేదు. కానీ ఇన్నేళ్ళు అన్నయ్య పేరుతో దేవుని ఎదుట కూర్చోవడం వల్ల అన్నయ్యని నేను చూసే చూపు మారింది. మునుపు వాదించేవాణ్ణి. ఇప్పుడు ఆయన చెప్పేది వింటాను. మొన్న గంటసేపు తన భయాల గురించి మాట్లాడాడు, ముందెన్నడూ అలా మాట్లాడలేదు. ఇది జవాబా అంటే కాదు. కానీ ఊరికే పోలేదు.

యెషయా 30లో ఒక మాట ఉంది: "మీయందు దయచూపవలెనని యెహోవా ఆలస్యము చేయుచున్నాడు." దయ చూపడానికి ఆలస్యమా అని మొదట నాకు అర్థమయ్యేది కాదు. ఆ అధ్యాయం మొత్తం చదివితే తెలుస్తుంది, వాళ్ళు గుర్రాలెక్కి ఐగుప్తు సహాయం కోసం పరుగెడుతున్నారు. ఆ పరుగు అయిపోయేదాకా ఆయన ఆగుతున్నాడు. మనం ఆయన కోసం కనిపెడుతున్నామని, అంటే ఎదురుచూస్తున్నామని అనుకునే వేళ ఆయన కూడా మన కోసం అలాగే ఉన్నాడు. తనని పట్టుకున్న రాత్రి గెత్సేమనే తోటలో యేసు శిష్యుల్ని అడిగింది కూడా పెద్ద పనేమీ కాదు. కత్తి పట్టమనలేదు, కాపలా కాయమనలేదు. నాతో కూడా మెలకువగా ఉండండి అన్నాడు. ఆ గడియలో ఆయనకి కావలసింది వాళ్ళు తోడుండటం. మన నుంచి దేవుడు అంత చిన్నదాన్ని కోరతాడని నమ్మడం కష్టం, అందుకే పెద్దపెద్ద మొక్కుబడులు చేస్తుంటాం.

ఉద్యోగం సంగతి మిగిలింది. వాళ్ళకి జవాబు చెప్పాల్సిన రోజు ఒకటుంది కదా. ఆ రోజుదాకా కనిపెట్టు. అప్పటికీ ప్రత్యేకంగా ఏమీ తెలియకపోతే, నీకు తెలిసిన వెలుగులో నిర్ణయం తీసుకో. ఆ పనిలో అన్యాయం ఉందా, అక్కడ నీ ఆత్మకి ఆహారం దొరుకుతుందా, నీ మీద ఆధారపడినవాళ్ళకి ఇబ్బంది అవుతుందా, ఇవి చూసుకో. కనిపెట్టడమంటే నిర్ణయం తీసుకోకుండా ఉండిపోవడం కాదు. దేవుడు చెప్పలేదు కాబట్టి కదలను అని గడువు దాటబెట్టడం కూడా ఒక నిర్ణయమే, కాకపోతే భయం తీసుకున్న నిర్ణయం. నువ్వు నిజాయితీగా అడిగి, నిజాయితీగా ఆలోచించి ఒక అడుగు వేస్తే, అది తప్పు దారి అయినా సరిదిద్దడం ఆయనకి తెలుసు. అగస్టీను ఎక్కిన ఓడ అబద్ధం చెప్పి ఎక్కిన ఓడ, దాన్ని కూడా ఆయన వాడుకున్నాడు.

ఈ వారం 13వ కీర్తన నేనూ మీ అమ్మా ఉదయాన్నే చదువుతాం. నువ్వూ అదే చదువు, ఆరు వచనాలే. ముగ్గురం ఒకే వాక్యంలో ఉందాం. మళ్ళీ రాసేటప్పుడు దేవుడు ఏం చెప్పాడో రాయాలని ఇబ్బందిపడకు. ఏ మాట దగ్గర ఆగావో అది రాయి. ఎక్కడా ఆగలేదంటే అదే రాయి.

ప్రేమతో, ప్రార్థనతో,
నాన్న